మంచం ఖర్చు, కుర్చీ ఖర్చు

"మాకు ఐదు లక్షల పాలసీ ఉందండీ, ఆఫీసు వాళ్లిచ్చిందే. అయినా బాబు కోసం నెలనెలా పన్నెండు వేలు నా జేబులోంచే పోతున్నాయి. ఇందులో ఎవరు ఎవరిని మోసం చేస్తున్నట్టు?"

మా ఆఫీసులో ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్లబ్బాయికి ఆరేళ్లు, ఆటిజం. జీతాల లెక్కలూ పాలసీ కాగితాలూ చూసే సీటు నాది కాబట్టి అడగడానికి నేను దొరికాను.

ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. మామూలు ఆరోగ్య బీమా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఆస్పత్రిలో చేరారా? చేరితే డబ్బు వస్తుంది, చేరకపోతే రాదు. ఒక్క రోజులో ముగిసిపోయే డేకేర్ చికిత్సల్లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నా, మొత్తం కట్టడం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. ఆయన కొడుకు గత మూడేళ్లలో ఒక్క రోజు కూడా ఆస్పత్రి మంచం ఎక్కలేదు. వారానికి మూడు సార్లు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), రెండు సార్లు స్పీచ్ థెరపీ. గంటకు ఆరు వందల చొప్పున వారానికి మూడు వేలు, నెలకు పన్నెండు వేలు, ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. ఇదంతా ఓ చిన్న గదిలో, చిన్న కుర్చీలో కూర్చుని ఆ పిల్లవాడు మాట నేర్చుకోవడానికీ, చెంచా పట్టుకోవడానికీ అయ్యే ఖర్చు. పాలసీ మంచానికి కడుతుంది. కుర్చీకి కట్టదు.

ఈ తేడా తెలియక చాలామంది తల్లిదండ్రులు ఐదు లక్షల పాలసీని పది లక్షలకు పెంచుకుంటారు. ప్రీమియం పెరుగుతుంది, కుర్చీ ఖర్చు మాత్రం పైసా తగ్గదు. అందుకే నేను ఎవరికైనా ముందు చేయమనేది ఒక్కటే: పోయిన ఏడాది పిల్లల మీద పెట్టిన ఖర్చంతా ఒక కాగితం మీద రాసి, మధ్యలో గీత గీయండి. ఎడమ పక్కన మంచం ఖర్చు, కుడి పక్కన కుర్చీ ఖర్చు. ఆస్పత్రిలో చేరకుండా అయ్యే మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజు, థెరపీ, స్ప్లింట్లు, వినికిడి యంత్రం బ్యాటరీలు, ఆటో చార్జీలు అన్నీ కుడి పక్కకే వస్తాయి. ఏ పక్క బరువుగా ఉందో చూశాకే ఏ డబ్బు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీతో పాటు ఫిట్స్ ఉండి ఏటా రెండు మూడు సార్లు ఆస్పత్రిలో చేరే పిల్లకు ఎడమ పక్క బరువు. ఆటిజం ఉన్న పిల్లవాడికి చాలా ఇళ్లలో కుడి పక్క బరువు. ఇద్దరికీ ఒకే సలహా చెప్పే ఏజెంటు మాట నమ్మకండి.

పాలసీలో చిన్న అక్షరాలు

మంచం పక్కనే మొదలుపెడదాం. చేరితే డబ్బు వస్తుంది అన్నాను గానీ, అది పూర్తి నిజం కాదు.

ఏ కంపెనీ పాలసీ తీసుకున్నా 'ఎక్స్‌క్లూజన్లు' అనే పేజీ ఒకటుంటుంది. వాటికి దేశమంతటా ఒకే కోడ్ నంబర్లు. వాటిలో రెండు మన పిల్లల జోలికి నేరుగా వస్తాయి. నాలుగో నంబరు: కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వం. ఫిట్స్ వచ్చే పిల్లను డాక్టరు వీడియో ఈఈజీ కోసం రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచమంటారు. డిశ్చార్జి కాగితంలో 'పరీక్ష నిమిత్తం' అని మాత్రమే ఉంటే ఈ నాలుగో నంబరు చూపించి క్లెయిమ్ కొట్టేస్తారు. ఆ రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చి మందు మార్చి ఉంటే, ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, ఆ సంగతి డిశ్చార్జి సమ్మరీలో రాయించుకోవాలి. జరగనిది రాయించమని కాదు, జరిగింది రాయకుండా వదిలేయొద్దని.

ఐదో నంబరు: విశ్రాంతి, పునరావాసం, రెస్పైట్ కేర్ ఖర్చులు ఇవ్వం. థెరపీ డబ్బు రాదని చెప్పడానికి ఎక్కువగా చూపించేది దీన్నే. రెస్పైట్ కేర్ అంటే, రోజంతా పిల్లను చూసుకునే తల్లికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడం కోసం వేరొకరు చూసుకోవడం. మన ఇళ్లలో ఎవరూ పేరు పెట్టని ఆ అలసటకు బీమా కాగితంలో ఒక పేరు కనిపించడం చూసి నాకు ఆశ్చర్యమేసింది. అదీ, డబ్బు ఇవ్వమని చెప్పడానికి.

పుట్టుకతో వచ్చిన లోపాల్లో కూడా పాలసీ రెండు రకాలు చేస్తుంది. లోపల ఉండేవి, పైకి కనిపించేవి. గుండెలో రంధ్రం లోపలిది. పెదవి చీలిక, పాదం వంకర పైకి కనిపించేవి. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) 2019 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లోపలి లోపాలను, జన్యు వ్యాధులను, మాటకు సంబంధించిన రుగ్మతలను పాలసీల నుంచి గంపగుత్తగా తీసేయడానికి వీల్లేదు. పైకి కనిపించేవి మాత్రం చాలా పాలసీల్లో ఇప్పటికీ బయటే ఉంటాయి. ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో సంగతి ఉంది. ప్రపోజల్ పెట్టేనాటికే మూర్ఛ, వినికిడి లోపం, పుట్టుకతో గుండె జబ్బు లాంటివి కొన్ని ఉంటే, మీ సమ్మతి తీసుకుని ఆ ఒక్క జబ్బును శాశ్వతంగా తప్పించి పాలసీ ఇవ్వొచ్చు. సమ్మతి అంటే మీ సంతకమే. పాలసీ వచ్చిన సంబరంలో ఆ కాగితం మీద సంతకం పెట్టి మరిచిపోయినవాళ్లను చూశాను. ఇంట్లో పాలసీ ఉంటే ఈ రాత్రే తీసి, 'పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్' అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి.

ఇక గది అద్దె. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దెబ్బ గట్టిగా తగిలేది ఇక్కడే. మూడు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి ఒక శాతం అనుకుందాం. అంటే రోజుకు మూడు వేలు. మీరు ఆరు వేల గది తీసుకున్నారు. తేడా మూడు వేలు మనమే కట్టుకుందాంలే అనుకుంటారు. లెక్క అలా ఉండదు. పరిమితి ఆ గది అద్దెలో సగం కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ అన్నీ సగానికి కోసేస్తారు. ఐదు రోజుల గది ముప్పై వేలు, డాక్టరూ థియేటరూ నర్సింగూ కలిపి యాభై వేలు, మందులూ పరీక్షలూ నలభై వేలు, మొత్తం లక్షా ఇరవై వేల బిల్లు. మందులు, పరీక్షల జోలికి ఈ కోత రాదు. మిగతా ఎనభై వేలు నలభై అవుతాయి. వచ్చేది ఎనభై వేలు, మీ చేతి నుంచి పోయేది నలభై వేలు.

మామూలు కుటుంబానికి దీనికి జవాబు తేలిక: తక్కువ గది తీసుకోండి. ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రికి ఆ మాట చెప్పలేం. పక్క మంచం మీద పసివాడు ఏడిస్తే, అర్ధరాత్రి లైటు వేస్తే, వాడు గోడకు తల కొట్టుకుంటాడు. విడి గది ఆ ఇంటికి విలాసం కాదు. అందుకే ఈ పిల్లలున్న ఇళ్లు పాలసీ ఎంచుకునేటప్పుడు పది లక్షలా, పదిహేను లక్షలా అని చూసే ముందు గది అద్దె పరిమితి లేని పాలసీయేనా అని చూడాలి. నన్నడిగితే, పరిమితి లేని ఐదు లక్షల పాలసీ, పరిమితి ఉన్న ఎనిమిది లక్షల పాలసీ కంటే మేలు.

పళ్ల సంగతి కూడా ఒక మాట. కుర్చీలో కదలకుండా కూర్చోలేని పిల్లలకు పన్ను తీయాలన్నా మత్తు ఇచ్చి, థియేటర్లో చేయాల్సి వస్తుంది. ప్రమాదం వల్ల వచ్చిన అవసరం కాకపోతే పంటి చికిత్సను చాలా పాలసీలు తప్పిస్తాయి. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు కండరాల బిగుతు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్లకూ ఇలాంటి పేచీలే వస్తాయి. ఈ రెంటికీ ముందుగా డాక్టరు చేత అవసరం ఎందుకో రాయించి, టీపీఏకు (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు) మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. ఫోన్లో 'అవుతుందండీ' అన్న మాటకు విలువ లేదు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు వదులుకోకండి

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఇరవై వేల జీతానికి మీ దగ్గర కోసేది 150 రూపాయలు. ఆ నూట యాభైకి కుటుంబం మొత్తానికి ఓపీ, మందులు, పరీక్షలు, ఆస్పత్రి అన్నీ వస్తాయి. 'ముందే ఉన్న జబ్బు' అనే మాట అక్కడ లేదు. మన కాగితంలో కుడి పక్కన ఉన్న మందుల ఖర్చును కూడా మోసే పెద్ద బీమా ఉద్యోగులకు ఇదొక్కటే. హైదరాబాద్‌లో సనత్‌నగర్, విజయవాడలో గుణదల, విశాఖ, తిరుపతి, రాజమహేంద్రవరం ఈఎస్ఐ ఆస్పత్రుల్లో క్యూలు ఉంటాయి, విసుగు ఉంటుంది, ఒక రోజు జీతం పోతుంది. సూపర్ స్పెషాలిటీ చికిత్సకు రెఫర్ చేయించుకోవాలి, దానికి కొంతకాలం చందా కట్టి ఉండాలి. ఇవన్నీ నిజమే. అయినా ఫిట్స్ మందులు నెలకు మూడు వేలయ్యే ఇంటికి ఆ క్యూ విలువ ఏడాదికి ముప్పై ఆరు వేలు.

ఈఎస్ఐ నిబంధనలు కుటుంబం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చాలామందికి తెలియని వాక్యం ఒకటుంది. శారీరక లేదా మానసిక లోపం వల్ల అశక్తులై, పూర్తిగా ఉద్యోగి సంపాదన మీదే ఆధారపడిన సంతానం, ఆ అశక్తత ఉన్నంతకాలం కుటుంబ సభ్యులే. ఇరవై ఐదేళ్లు దాటితే తీసేయడం అక్కడ లేదు. ఏ ప్రైవేటు పాలసీ అయినా ఇంత తేటగా చెప్పగా నేను చదవలేదు.

ఇబ్బంది వచ్చేది జీతం పెరిగినప్పుడు. ఇరవై వేల ఐదు వందల నుంచి ఇరవై రెండు వేలకు పెంచారని స్వీట్లు పంచుతారు. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ పోతుంది. వెంటనే కాదు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి, మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం చివరి వరకూ చందా కట్టాలి, రక్షణ కొనసాగుతుంది. ఆ తర్వాత? కంపెనీకి గ్రూప్ పాలసీ ఉంటే సరే. లేకపోతే పదిహేను వందల పెంపు ఆ ఇంటికి నష్టమే. పెంపు మాట్లాడుకునే రోజే "ఈఎస్ఐ పోయాక నా కుటుంబానికి ఏముంటుంది సార్?" అని అడగండి. అడగడం తప్పు కాదు. ఉద్యోగికే వైకల్యం ఉంటే ఆ పరిమితి 25,000 అన్న సంగతి కూడా గుర్తుండాలి, కాకపోతే అది ఉద్యోగికి వర్తించేది, బిడ్డకు వైకల్యం ఉందని పెరగదు.

హెచ్చార్‌తో మాట్లాడేది ఎప్పుడు

కంపెనీ గ్రూప్ పాలసీలో మంచి సంగతి, ముందే ఉన్న జబ్బులకు సాధారణంగా మొదటి రోజు నుంచే రక్షణ ఉండటం. బయట ఏ కంపెనీ చేర్చుకోని పిల్లను కూడా అది చేర్చుకుంటుంది. అందుకే భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే, ఇద్దరి గ్రూప్ పాలసీల్లోనూ బిడ్డ పేరు ఉండాలి. ఒకదాంట్లో అయిపోతే రెండోది అక్కరకొస్తుంది. బిడ్డను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉద్యోగం మానాలి అన్న చర్చ ఇంట్లో వస్తే (అది ఎప్పుడూ తల్లి ఉద్యోగం గురించే ఎందుకు వస్తుందో వేరే వ్యాసం), జీతాలతో పాటు ఎవరి పాలసీ మంచిదో కూడా లెక్కలో పెట్టండి.

గ్రూప్ పాలసీ రాతిమీద రాత కాదు. ఏటా కంపెనీ, బీమా సంస్థ కూర్చుని మాట్లాడుకునే బేరం. రెన్యూవల్ అయిపోయాక హెచ్చార్‌ని ఎంత బతిమాలినా ఏడాది ఆగమంటారు. రెన్యూవల్‌కు రెండు నెలల ముందు ఒక మెయిల్ పెట్టండి. మర్యాదగా, పొడుగు లేకుండా. వైకల్యం ఉన్న సంతానానికి వయసు పరిమితి ఎత్తేయాలని, పైకి కనిపించే పుట్టుక లోపాలకూ రక్షణ కావాలని, వైద్య కారణంతో విడి గది అవసరమైన పిల్లలకు గది అద్దె పరిమితి సడలించాలని, వీలైతే థెరపీకి ఏడాదికి ఇంత అని ఓపీ మొత్తం పెట్టాలని. వెయ్యిమంది ఉద్యోగులున్న కంపెనీలో ఇలాంటి కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ప్రీమియం మీద పడే భారం చిన్నది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా మంచిది. నా అనుభవంలో నాలుగు అడిగితే ఒకటో రెండో వచ్చాయి, అడగని ఏడాది ఏదీ రాలేదు.

బిడ్డ సంగతి ఆఫీసులో తెలిస్తే ప్రమోషన్లకు అడ్డొస్తుందేమో అని దాచేవాళ్లున్నారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. హెచ్చార్‌లో పాలసీ చూసే ఒక్కరికే చెప్పి, మేనేజరుకు చేరనివ్వొద్దని రాతలో కోరవచ్చు.

ఉద్యోగం మారేటప్పుడు ఇంకో జాగ్రత్త. పాత కంపెనీలో ఆఖరి రోజుతో గ్రూప్ రక్షణ ముగుస్తుంది. కొత్త చోట పేరు ఎక్కడానికి వారం పది రోజులు పట్టొచ్చు. ఆ మధ్యలో ఫిట్స్ వస్తే? రాజీనామా ఇచ్చిన రోజే, గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే 'మైగ్రేషన్' గురించి అడగండి. ఇన్నేళ్లు గ్రూప్‌లో గడిపిన వెయిటింగ్ కాలం అందులో కలిసొస్తుంది. ఉద్యోగం వదిలేసి ఏడాది తర్వాత కొత్తగా పాలసీకి వెళితే అన్నీ మళ్లీ ఒకటో మెట్టు నుంచే.

సొంత పాలసీ కొనేటప్పుడు

ఏజెంటు ఇంటికొస్తాడు. కాఫీ తాగి, ఫారం నింపుతూ గొంతు తగ్గిస్తాడు. "సార్, బాబు సంగతి ఇక్కడ రాయొద్దు. రాస్తే రిజెక్ట్ అవుద్ది. నేను చూసుకుంటాగా."

ఆయన చూసుకునేది తన కమీషను. ప్రపోజల్ ఫారంలో దాచిన సంగతి, క్లెయిమ్ రోజున పాత ప్రిస్క్రిప్షన్ రూపంలో బయటకొస్తుంది. ఐదేళ్లు అంటే 60 నెలలు ఆగకుండా పాలసీ కడితే, ఆ తర్వాత దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదని 2024 నుంచి నిబంధన ఉంది. కానీ మోసం అని రుజువు చేస్తే ఆ రక్షణ లేదు. ఐదేళ్లు ఊపిరి బిగబట్టుకుని బతకడం కంటే నిజం రాసి, కాదన్న కంపెనీ కాగితాన్ని చేతిలో పెట్టుకోవడం నయం. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన గరిష్ఠ కాలం కూడా 2024లో 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది.

వీల్‌చెయిర్‌లో ఉండే ఒక వ్యక్తికి బీమా సంస్థలు పాలసీ నిరాకరించిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2022 డిసెంబరులో జోక్యం చేసుకుంది. ఆ వెనుకే 2023 ఫిబ్రవరిలో, వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఒక పాలసీ ప్రతి ఆరోగ్య బీమా సంస్థ దగ్గరా ఉండాలని ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కాబట్టి "అలాంటి పాలసీ మా దగ్గర లేదండీ" అన్న జవాబు చెల్లదు. అయితే ఆ పాలసీలు చౌక అనీ, ఉదారం అనీ అనుకోవద్దు. కో-పే ఎంతో, అంటే బిల్లులో మీ వాటా ఎంతో చూడండి. ఇరవై శాతం కో-పే ఉంటే రెండు లక్షల బిల్లుకు నలభై వేలు మీవి. ప్రీమియం తక్కువగా కనిపించే పాలసీ ఇలా చేదుగా తేలుతుంది.

ఇంట్లో అందరికీ ఒకే ఫ్లోటరా, బిడ్డకు విడిగానా? తరచూ ఆస్పత్రిలో చేరే బిడ్డ అయితే విడిగా ఉండటం మేలు. మార్చిలో బిడ్డ చికిత్సకు ఫ్లోటర్ మొత్తం ఖర్చయిపోయి, ఏప్రిల్లో నాన్నకు గుండెపోటు వస్తే ఖజానా ఖాళీ. మంచం పెద్దగా ఎక్కని బిడ్డ అయితే, నిజం రాసినా చేర్చుకునే కంపెనీ దొరికితే, ఫ్లోటర్ చాలు. ప్రీమియం మీద కాస్త ఊరట కూడా ఉంది: 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ లేదు.

కుర్చీకి డబ్బు ఎక్కడ

ఇప్పుడు కుడి పక్కకు వద్దాం. థెరపీకి నేరుగా డబ్బిచ్చే బీమా 'నిరామయ'. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ నడుపుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం అనే నాలుగింటికే వర్తిస్తుంది. వినికిడి లోపమో, చూపు లోపమో ఒక్కటే ఉంటే వర్తించదు. మొత్తం రక్షణ లక్ష రూపాయలు. చేరడానికి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు 250, మిగతావాళ్లకు 500 రూపాయలు, తర్వాత ఏటా రెన్యూవల్ ఇంకా తక్కువ. ముందస్తు వైద్య పరీక్షలు లేవు, వయసు అడ్డు లేదు. ఓపీ, మందులు, పరీక్షలు, థెరపీ, ఆఖరికి రవాణా ఖర్చుకు కూడా కొంత ఉంది. దేని పరిమితి దానిదే; లక్షలో పెద్ద వాటా ఆస్పత్రికీ ఆపరేషన్లకూ పోతుంది కాబట్టి ఏడాదికి లక్షా నలభై నాలుగు వేల థెరపీ ఇందులో తీరదు. ఒకటి రెండు నెలల బరువు దిగుతుంది. ఐదు వందలకు అది చిన్న సాయం కాదు.

నిరామయలో జనం పోగొట్టుకునేది బిల్లుల దగ్గర. ముందు మీరు కట్టి తర్వాత అడగాలి. చిత్తు కాగితం మీద 'థెరపీ - 2400' అని రాసిస్తే పనికిరాదు. సెంటర్ పేరు, బిల్లు నంబరు, తేదీలు, బిడ్డ పేరు, సంతకం, స్పీచ్ థెరపిస్టు అయితే పునరావాస మండలి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బిల్లులను నెల నిండకుండా పంపండి, మార్చి వరకూ పోగేయకండి. ఈ పథకం సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది.

దీనికీ, తర్వాత చెప్పబోయేవాటిలో కొన్నింటికీ తాళంచెవి ఒకటే: వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, ఇప్పుడు యూడీఐడీ కార్డు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, చాలా ప్రయోజనాలకు 40 శాతం గీత. 'మావాడికి నయమైపోతుంది, ముద్ర ఎందుకు' అని ఐదారేళ్లు సర్టిఫికెట్ తీసుకోనివాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ ఆ ఐదారేళ్లూ డబ్బు ఎక్కువగా పోయే ఏళ్లు.

డబ్బు ఇవ్వడం కాకుండా ఖర్చునే తగ్గించే చోట్లు కూడా ఉన్నాయి. జిల్లాల్లో పిల్లల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడుస్తాయి. మండలాల్లో సమగ్ర శిక్ష భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యంపై పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, నెల్లూరులో దివ్యాంగుల పునరావాస కేంద్రం సీఆర్‌సీ ఉంది. భవిత కేంద్రంలో థెరపిస్టు రోజూ దొరకకపోవచ్చు. వారంలో ఐదు సెషన్లలో రెండు అక్కడ, మూడు ప్రైవేటులో పెట్టుకున్నా మా ఆఫీసాయన లెక్కలో నెలకు నాలుగు వేల ఎనిమిది వందలు మిగులుతాయి.

రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు రాష్ట్ర పథకాలు మంచం పక్కన పెద్ద అండ. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఈ పథకాల వల్లే సామాన్యుల ఇళ్లకు చేరింది. చిన్న వయసులోనే చేయించాలి, ఆలస్యమైతే అర్హత పోతుంది. అయితే ఆపరేషన్ ఉచితం గానీ, ఏళ్ల తరబడి మార్చాల్సిన కేబుళ్లు, బ్యాటరీలు, బయటి ప్రాసెసర్ అన్నీ కుర్చీ ఖర్చే. ఆపరేషన్ రోజు నుంచే నెలకు ఇంత అని పక్కన పెట్టుకోవాలి. అర్హులైన ఇళ్లకు పింఛను కూడా ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు 6,000, తెలంగాణలో ఆసరా కింద 4,016. దాన్ని ఇంటి ఖర్చులో కలపకుండా థెరపీ ఖాతాలో వేసే ఇళ్లు నాకు తెలుసు.

పన్ను లెక్కలో ఒక భ్రమ

80డీడీ గురించి వినని తల్లిదండ్రులు లేరు. వైకల్యం 40 శాతం దాటిన బిడ్డ మీద ఖర్చు పెడితే 75,000, 80 శాతం దాటితే 1,25,000 రూపాయలు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. నిజంగా పెట్టిన ఖర్చు ఎంతైనా ఈ అంకెలు మారవు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీలకు 10-ఐఏ ఫారం కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు గానీ మనవాళ్ల నోట్లో పాత నంబరే ఇంకా కొన్నాళ్లు ఉంటుంది.

భ్రమ ఏమిటంటే, ఇది పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. 2025-26లో ఏటా 12.75 లక్షల వరకూ జీతం ఉన్నవాళ్లకు కొత్త విధానంలో అసలు పన్నే లేదు, కాబట్టి 80డీడీతో వాళ్లకు పనిలేదు. పదిహేను లక్షల జీతం ఉన్నాయనది చూద్దాం. కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను, సెస్సుతో కలిపి 97,500. పాత విధానంలో స్టాండర్డ్ 50,000, 80సీ కింద లక్షన్నర, 80డీ కింద 25,000, 80డీడీ కింద లక్షా పాతిక వేలు అన్నీ తీసేసినా పన్ను 1,63,800. ఇంటి అద్దె, ఇంటి లోను వడ్డీ కూడా గట్టిగా ఉంటే తప్ప పాతది గెలవదు. 'స్పెషల్ చైల్డ్ ఉన్నాడు కాబట్టి పాత విధానమే' అని కళ్లు మూసుకుని టిక్కు పెట్టొద్దు. జీతగాళ్లు ఏ ఏడాదికి ఆ ఏడాది ఎంచుకోవచ్చు, రెండూ వేసి చూడండి.

కాదన్నప్పుడు

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతలో, పాలసీలోని ఏ క్లాజు ప్రకారమో చెప్పమనండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల వరకూ వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

మా ఆఫీసాయన కాగితం ఇప్పుడిలా ఉంది. ఎడమ పక్కన గ్రూప్ పాలసీ, వాళ్లావిడ కంపెనీ పాలసీలో కూడా బాబు పేరు. కుడి పక్కన నిరామయ, వారంలో రెండు రోజులు భవిత కేంద్రం, మిగతాది జీతం. పన్నెండు వేలు ఏడు వేల చిల్లరకు దిగింది. నిరామయ ఇచ్చే కాస్త తప్ప ఆ ఏడు వేలకు బీమా లేదు. రెన్యూవల్ జనవరిలో కాబట్టి నవంబరులో పెట్టాల్సిన మెయిల్ మాత్రం ఈపాటికే రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాడు, నాకు చదివి వినిపించాడు కూడా. మరీ బతిమాలుతున్నట్టు ఉంది, రెండు 'దయచేసి'లు తీసేయమన్నాను.